కప్ప గంతుల తీసివేత

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా అమ్మ అంటుంది. వయసు రాకపోతేనేం, అలసట వచ్చింది. బీఈడీ ముగించి మొదటి ఉద్యోగంలో చేరిన ఆ ఒక్క ఏడాదిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్ళు లాగుతాయి, గొంతు ఎండిపోతుంది, పక్కన ఎవరైనా ‘మేడం, ఒక చిన్న డౌటు’ అంటే చాలు, అక్కడినుంచి లేచి పారిపోవాలనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. పిల్లలకు లెక్కలు చెప్పడం కష్టమైన పని అన్నది ఒకటి. పెద్దవాళ్ళకు చెప్పే పనే ఉండదు, వాళ్ళకు వచ్చే ఉంటాయి అన్నది రెండోది. మొదటిది తప్పని చేరిన కొత్తలోనే తెలిసిపోయింది. పిల్లలు బంగారుకొండలు. ఏది చెబితే అది పట్టుకుంటారు, బెల్లు కొట్టగానే వదిలేస్తారు. రెండోది ఎంత తప్పో తెలుసుకోవడానికి మాత్రం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య ప్యాసింజరు బండిలో ఏడాది పొడుగునా తిరగాల్సి వచ్చింది.

మాది ఆ మూడు ఊళ్ళలోనూ శాఖలున్న ప్రైవేటు స్కూలు. శాఖలు అనగానే పెద్ద భవనాలు ఊహించుకోకండి. హిందూపురంలో మూతపడిన రైస్‌మిల్లు, పెనుకొండలో మేడ మీద నాలుగు గదులు, ధర్మవరంలో నేతగాళ్ళ వీధిలో రేకుల కప్పు వేసిన పొడుగాటి హాలు. మూడింటికీ కరస్పాండెంటు ఒక్కరే, ఆయన్ని మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. పెద్దసారు మంచివాడే గానీ, బెంగళూరు వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. ఒకసారి ఒకటో తరగతి పిల్లలకు టై పట్టుకొచ్చాడు (మా వైపు ఎండల్లో!). ఇంకోసారి ప్రార్థనకు ముందు అందరూ చప్పట్లు కొట్టి గట్టిగా నవ్వాలనే పద్ధతి పట్టుకొచ్చాడు. నేను చేరిన ఏడాది ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులకూ కొత్త లెక్కల పుస్తకం పట్టుకొచ్చాడు.

నిజం చెప్పాలంటే ఆ పుస్తకం చెడ్డదేమీ కాదు. మందపాటి కాగితం, రంగుల బొమ్మలు, ప్రతి పేజీలోనూ ఒక పచ్చటి కప్ప. ఆ కప్పే నా కొంప ముంచింది. యాభై రెండులో నుంచి ఇరవై ఏడు తీసివేయాలనుకోండి. మనమంతా ఏం చేస్తాం? రెండులో ఏడు పోదు, పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకుంటాం, రెండు కాస్తా పన్నెండవుతుంది, పన్నెండులో ఏడు పోతే అయిదు, అక్కడ మిగిలిన నాలుగులో రెండు పోతే రెండు, జవాబు ఇరవై అయిదు. మూడు ముక్కల్లో అయిపోయింది. ఈ పుస్తకంలో అప్పు తేకూడదు. అంకెలు కింద కింద వేయకూడదు. ఒక పొడుగాటి అడ్డగీత గీసి, ఇరవై ఏడు దగ్గర కప్పను కూర్చోబెట్టాలి. అది చిన్న గంతు వేసి ముప్పైకి పోతుంది, మూడు. పెద్ద గంతు వేసి యాభైకి పోతుంది, ఇరవై. ఇంకో చిన్న గంతుతో యాభై రెండుకు చేరుతుంది, రెండు. గంతులన్నీ కూడితే ఇరవై అయిదు. పైగా ఎక్కాలు బట్టీ పట్టించకూడదని మొదటి పేజీలోనే హెచ్చరిక. పిల్లలు కప్పను ఒక్క పూటలో పట్టేశారు. ఇంటికి వెళ్ళాక అసలు గొడవ మొదలైంది. హోంవర్కు చేయించడానికి కూర్చున్న అమ్మలూ నాయనలూ ‘ఇదేం లెక్క’ అని నిలువుగా చేయించారు. మేము దానికి మార్కులు కోశాము. మరుసటి రోజు మూడు ఊళ్ళలోనూ స్కూలు గేటు ముందు జనం.

తల్లిదండ్రులకు కొత్త పద్ధతి నేర్పడానికి ప్రతి శాఖలోనూ శనివారాలు మీటింగు పెట్టాలని పెద్దసారు తీర్మానించాడు. టీచర్లందరినీ వరుసగా చూసి, నా దగ్గర ఆగి, ‘నిన్ను చూస్తే ఎవరికీ కోపం రాదమ్మా, నువ్వే చెయ్యి’ అన్నాడు. నేను మురిసిపోయాను. ఎవరెన్ని తిట్టినా పడి ఉంటావని ఆయన మాటకు అర్థమని తర్వాత తెలిసింది.

మొదటి మీటింగు హిందూపురంలో. ముందు వరసలో చింతపండు మండీ ఆయన ఒకరు కూర్చున్నారు. ఆయన కొడుకు నాలుగో తరగతి. నేను బోర్డు మీద గీత గీసి, కప్పను వేసి (నా కప్ప కాస్త ఎలుకలా వచ్చిన మాట నిజమే), మొదటి గంతు వేయించేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. ‘ఏమమ్మా, మేము దుడ్లు కట్టింది లెక్కలకా, కప్పకా?’ అన్నాడు. పిల్లలకు సంఖ్య మీద పట్టు వస్తుందండీ అని నేను పుస్తకంలోని మాటే అప్పజెప్పాను. ‘నా మండీలో గుమాస్తా ఎవడన్నా ఇట్ల ఎగిరెగిరి లెక్క చెప్తే ఆ పొద్దే ఇంటికి పంపిస్తా’ అన్నాడాయన. ఇంకో తల్లి, ‘కప్ప ముప్పై కాడ ఎందుకు నిలబడల్ల? దానికేం పని ఆడ?’ అంది. నేను జవాబు వెతుక్కుంటుంటే వెనక వరసలో ఎవరో కన్నడంలో ఏదో అన్నారు, హాలంతా ఘొల్లుమంది. నాకు కన్నడం అంతంత మాత్రం కాబట్టి మర్యాదకు నేనూ నవ్వాను. (నా గురించే అన్నారని తర్వాత ఆయా చెప్పింది. ఏమన్నారో మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు.)

పెనుకొండలో కాస్త నయంగా ఉంటుందనుకున్నాను. సొంత ఊరు కదా. సొంత ఊరు కాబట్టే అక్కడ నా పని పట్టారు. మా వీధి పిన్నమ్మ ఒకామె, మనవడి తరఫున వచ్చినామె, అందరి ముందూ, ‘ఏమ్మే, నువ్వు మూడో తరగతిలో తొమ్మిదో ఎక్కం రాక మా గడప మీద కూసోని ఏడిస్తివి గదా. ఇప్పుడు మా పిల్లోళ్ళకు ఎక్కాలే వద్దంటాండావా?’ అంది. అంతే, ఎక్కాల మీద పగతో ఈ పుస్తకాన్ని నేనే తెప్పించానన్న వార్త ఊరంతా పాకింది. కూరగాయల అంగడిలో కూడా ‘ఎక్కాలు వద్దన్న పాప ఈమేనంట’ అని చూపించుకున్నారు. ఇంటికి వచ్చి అమ్మ దగ్గర ఏడిస్తే, ‘నువ్వు చెప్పేది నాకే అర్థం కాలా, వాళ్ళకేమవుతాది’ అని అన్నం పెట్టింది.

ధర్మవరంలో మాత్రం ఎవరూ పోట్లాడలేదు. మగవాళ్ళు మగ్గం దిగి రాలేక తల్లులు మాత్రమే వచ్చారు. నేను చెప్పిందంతా బుద్ధిగా విని, తలాడించి, ఇచ్చిన కాగితం మడిచి కొంగున పెట్టుకుని వెళ్ళిపోయారు. నా జన్మకు ఒక మీటింగు సాఫీగా జరిగిందని సంచి సర్దుకుంటున్నాను. చూస్తే ముందు బెంచీలో ఒకామె కదలకుండా కూర్చుని ఉంది. మూడో తరగతిలో ఒక చురుకైన పాప ఉండేది, ఆ పాప వాళ్ళమ్మ. ‘మేడం, ఇంగోసారి చెప్తారా?’ అంది. చెప్పాను. ‘ఇంగోసారి’ అంది. చెప్పాను. ‘కప్ప ఇరవై ఏడు మిందనే ఎందుకు కూసోవల్ల, యాభై రెండు మింద ఎందుకు కూసోకూడదు?’ అంది. బండికి టైమవుతోంది, కడుపులో ఆకలి. నా మొహంలో విసుగు కనబడిందేమో, ఆమె గొంతు తగ్గించింది. ‘తప్పుగా అనుకోవద్దు మేడం. మా ఆయన పాపను ట్యూషన్‌కు పంపుదామంటాడు. నేనే కూసోబెట్టి చెప్పుకుంటానని పట్టుబట్టినా. పరీక్షలదాకా చూస్తా అన్యాడు. అన్నం ఎవరైనా పెడ్తారు, జడ ఎవరైనా ఏస్తారు. చదువులో ఒక్కటన్నా పాప నా దగ్గిర నేర్చుకోవల్లని ఆశ’ అంది. నాకు జాలేసింది. జాలి వేసిన మనిషి ఏం చేస్తుందో నేనూ అదే చేశాను. నా ఫోను నంబరు ఇచ్చాను. ఆ ఏడాదిలో నేను చేసిన పనులన్నిట్లోకీ పెద్ద తెలివితక్కువ పని అదే.

ఆ రోజు మొదలు సాయంకాలమయితే ఫోను. నేను ధర్మవరంలో బండి ఎక్కి కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషించేలోపు మోగేది. ‘మేడం, నలబై మూడు కాడ కప్ప ఉండాది, యాడికి పోవల్ల?’ ‘యాభైకి పొమ్మనండి.’ ‘అరవైకి పోతే ఏమైతాది?’ సిగ్నలు సరిగా ఉండేది కాదు కాబట్టి నేను అరిచేదాన్ని. ‘యాభై దగ్గర ఆగండి! ఇప్పుడు ఎగరండి! వద్దు వద్దు, వెనక్కి రావద్దు!’ అని నేను అరుస్తుంటే పెట్టెలో జనమంతా నా వైపే చూసేవాళ్ళు. ఒక పెద్దాయన అయితే పెనుకొండ దాకా ఓపికపట్టి, దిగేముందు, ‘నీది ఏం ఉద్యోగమమ్మా?’ అని అడిగాడు. టీచరునని చెబితే నమ్మలేదు. ఇంట్లో అన్నం తింటుంటే వాట్సాప్‌లో ఫొటోలు వచ్చేవి. ఆమె వేసిన కప్పను మీరు చూడాల్సింది. మిగతా వాళ్ళంతా ఒక సున్నా చుట్టి కప్ప అనేవాళ్ళు. ఈమె కప్పకు కళ్ళు, వేళ్ళు, వీపు మీద పట్టుచీర కొంగుకు వేసినట్టు వరసగా బుటాలు. ‘కప్ప బొమ్మ అక్కర్లేదమ్మా, గీత ఉంటే చాలు’ అని ఎన్నిసార్లు చెప్పినా, ‘కప్ప లేకుండా గంతు ఎవరేస్తారు మేడం?’ అనేది. ఆ ఫోను మోగినప్పుడల్లా తల ప్రాణం తోకకొచ్చేది. నేను మనసులో ఆమెకు సందేహాలమ్మ అని పేరు పెట్టుకున్నాను.

దసరా సెలవులకు ముందు పెద్దసారుకు ఇంకో ఆలోచన వచ్చింది. ‘మీ ఇంట్లో నేల మీద సున్నా నుంచి వంద దాకా పొడుగాటి గీత గీయండి. మీ పిల్లల్నే కప్పలుగా గంతులు వేయించి లెక్కలు చేయించండి. ఫొటో పంపండి’ అని ఇంటింటికీ కాగితం పంపించాడు. ఫొటోలు నాకు రావాలి. వచ్చాయి. హిందూపురం మండీ ఆయన ఫొటో పంపలేదు, బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు. ఇంకో వీధిలో ఎవరో ఒక్కరు గీత గీస్తే చుట్టుపక్కల వాళ్ళంతా తమ పిల్లల్ని తెచ్చి అదే గీత మీద నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. పెనుకొండ పిన్నమ్మ ‘చేసినాము’ అని రాసి వాకిట్లో ముగ్గు ఫొటో పంపింది. ఆ ముగ్గు నిరుటిది కూడా. ధర్మవరం సందేహాలమ్మ నుంచి ఫొటో రాలేదు, సందేహం కూడా రాలేదు. ప్రాణానికి హాయిగా ఉందనుకుంటున్నంతలో ఆ నంబరు నుంచి ఒక మగగొంతు పలికింది. ‘మేడం, మీ కప్ప మా మగ్గం గుంతలో పడింది. ఒకతూరి వచ్చి సూసిపోండి.’

పాపకేమైందని అడిగేలోపు ఫోను పెట్టేశాడు. పెద్దసారుకు చెబితే, ‘నువ్వే వెళ్ళమ్మా, నిన్ను చూస్తే ఎవరికీ కోపం రాదు’ అన్నాడు. దొరికిన బండి ఎక్కి, దారి పొడుగునా క్షమాపణ మాటలు వల్లించుకుంటూ ధర్మవరం వెళ్ళాను.

ఇల్లు చూడగానే జరిగింది అర్థమైంది. నేతగాళ్ళ ఇళ్ళు సన్నగా, పొడుగ్గా ఉంటాయి కదా. ముందు గది మొత్తం మగ్గానిదే. నేసే మనిషి కాళ్ళు పెట్టుకుని కూర్చోవడానికి నేలలో గుంత, గుంతకు అవతల సాగదీసి కట్టిన పట్టు పోగుల పడుగు. ఆ ఇంట్లో పొడుగ్గా గీత గీయడానికి ఖాళీ ఉన్నది గడప నుంచి గుంత దాకానే. ఈమె కాగితంలో రాసింది రాసినట్టు, సుద్దముక్కతో గడప దగ్గర సున్నా వేసి, సరిగ్గా గుంత అంచున వంద వేసింది. ఇంకెవరి ఇంట్లోనైనా వంద దగ్గర గోడ ఉంటుంది. వీళ్ళింట్లో గుంత ఉంది. భర్త టీ తాగడానికి వీధి చివరికి వెళ్ళిన సమయం చూసుకుని తల్లీ కూతురూ లెక్కలు మొదలుపెట్టారు. చిన్న చిన్న లెక్కలు బాగానే జరిగాయి. ఆ తర్వాత వందలో నుంచి ముప్పై ఆరు తీసివేత. పాప ముప్పై ఆరు నుంచి నలభైకి బుద్ధిగా గంతేసింది. నలభై నుంచి వందకు అరవై గంతు మిగిలింది. నడిచి వెళ్ళినా సరిపోతుంది. కానీ కప్ప నడవదు కదా. పాప నాలుగడుగులు వెనక్కి పోయి పరుగెత్తుకొచ్చి, ఊపందుకుని, ఒకే ఒక్క గంతు వేసి వంద మీదుగా గుంతలోకి వెళ్ళిపోయింది. పోతూ పోతూ చేతికి అందిన పడుగును పట్టుకుంది. అంచు పక్కన బెత్తెడు మేర పోగులు తెగిపోయాయి. మోకాలు గీసుకుపోవడం తప్ప పాపకేమీ కాలేదు. పసుపు పూసిన మోకాలు చూపించి ‘మేడం, నేను వంద దాటేసినా’ అని నాకు చెప్పింది కూడా.

భర్త గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెళ్ళివాళ్ళకు ఇవ్వాల్సిన చీర అది. ఆయన తల్లి, అవ్వ, నన్ను కిందికీ పైకీ చూసి, ‘నా మొగుని కాలం నుంచి ఈ ఇంట్లో మగ్గం ఉండాది తల్లీ, కప్ప ఎప్పుడూ రాలా’ అంది. గుంత అంచున కూర్చుని సందేహాలమ్మ తెగిన పోగులు ఒక్కొక్కటీ వెతికి పట్టుకుని, కొసలు మెలేసి అతుకుతోంది. నన్ను చూసి తలెత్తింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ‘మేడం, గంతు సరిగ్గానే ఏసింది గదా? అరవై కరెక్టే గదా?’ అంది. ‘కరెక్టేనమ్మా’ అన్నాను.

‘కరెక్టో తప్పో, ఇంగ సాలు మేడం’ అన్నాడు భర్త. ‘రేపట్నుంచి పాప ట్యూషన్‌కు పోతాది. ఈమె కండెలకు దారం సుట్టుకుంటాది. మీ కప్పకు ఒక దండం.’

పోగు అతుకుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. నాతోనే చెప్పింది, తల వంచుకునే. ‘నేను మూడులో ఉన్నప్పుడు ఆ అప్పు తెచ్చే లెక్క కాడ్నే నిలబడిపోయినా మేడం. క్లాసులో అందరికీ వచ్చింది, నాకే రాలా. ఇంగోసారి చెప్పండి సార్ అంటే అందరూ నగిరి. నేను బడికి పోనని ఏడిస్తే మా నాయన కండెలకు కూసోబెట్న్యాడు. ఈ కప్ప లెక్క అందరికీ కొత్తే గదా. హిందూపురంలో పెద్ద పెద్దోళ్ళకి గూడా రాలేదంట గదా. నాకొక్కదానికే రానిది గాదు గదా ఇది.’

నేను దారి పొడుగునా వల్లించుకున్న క్షమాపణలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. నాలుగు నెలలుగా కడుపులో పెట్టుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. హిందూపురం నవ్వు, పెనుకొండ ముగ్గు, బండిలో చూపులు, పెద్దసారు బుజ్జగింపులు, అన్నీ కలిసి పాపం ఆ నేతగాడి మీద పడ్డాయి. ‘అన్నా, మూడూర్లు తిరిగి గొంతు పోయేట్ల చెప్పినా నేను. ఒక్కరంటే ఒక్కరు వినలా. ముగ్గు ఫొటో పంపినోళ్ళుండారు. బొటనేలు పంపినోళ్ళుండారు. కాగితంలో రాసింది రాసినట్ల చేసింది ఈమె ఒక్కతే. దినామూ ఫోన్ చేసి నా ప్రాణం తీసింది గూడా ఈమె ఒక్కతే. ఈమెను గూడా మాన్పిస్తే నేను ఇంగ ఎవరికి చెప్పల్ల? ఎవరున్నారు నాకు?’ అని అరిచి, అక్కడే కండెల బుట్ట పక్కన కూలబడి ఏడ్చాను. క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చిన టీచరు ఏడవడం ఆ ఇంట్లో వాళ్ళెవరూ చూసి ఉండరు. అవ్వ లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. పాప నా భుజం మీద చెయ్యి వేసి, ‘నేను ఇంగ మెల్లగా గంతేస్తాలే మేడం’ అంది.

భర్త లేచి, నేల మీది గీతను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. ‘గుంతకు ఎదురుగా ఎవరన్నా గీత గీస్తారా?’ అని కాలితో వంద తుడిచేశాడు. తర్వాత, ‘వంద గడప తట్టు పెట్టుకోండి. పడితే వీదిలో పడతాది’ అన్నాడు. అది ఒప్పుకోవడమని నాకు వెంటనే వెలగలేదు. సందేహాలమ్మకు వెలిగింది. ఆమె మళ్ళీ పోగు అందుకుంది.

ఆ తర్వాత ఫోన్లు తగ్గాయనుకునేరు. పెరిగాయి. అయితే పాప పరీక్షలో చేసిన లెక్కలన్నీ సరిగ్గా చేసింది. చివరి రెండు మాత్రం వదిలేసింది. ఎందుకమ్మా అంటే, కప్పల వీపు మీద బుటాలు వేసేసరికి టైమైపోయిందట. ‘పాసే గదా’ అని వాళ్ళ నాయన అన్నాడని, ట్యూషన్ మాట ఎత్తలేదని ఆమె ఆ సాయంకాలం ఫోన్లో చెప్పింది. నేను కిటికీ పక్కన కూర్చుని ‘శభాష్’ అని అరిచాను, పెట్టెలో జనం మళ్ళీ చూశారు.

ఇక ఏడాది చివరి మీటింగు. హిందూపురంలో సగంమంది పిల్లల్ని వేరే బడికి మారుస్తామని కూర్చోవడంతో పెద్దసారు దిగివచ్చాడు. ఆ కబురు చెప్పడానికి స్వయంగా ధర్మవరం వచ్చాడు. ‘తల్లిదండ్రుల కోరికను మన్నించి వచ్చే ఏడాది నుంచి కొత్త పుస్తకం తీసేస్తున్నాం. మళ్ళీ పాత పద్ధతే, మళ్ళీ ఎక్కాలే’ అని ప్రకటించాడు. రేకుల హాలు చప్పట్లతో మోగిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఎలా కొట్టకుండా ఉంటాను? ఇక శనివారాలు నావి. బండిలో కునుకు నాది. కప్ప చచ్చింది, నేను బతికాను. చేతులు మండేదాకా కొడుతూ ముందు బెంచీ వైపు చూశాను. సందేహాలమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అందరినీ చూస్తోంది. అందరూ ఎందుకంత సంతోషంగా ఉన్నారో అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్న మొహం అది. చప్పట్ల మధ్యలో నా చేతులు ఆగిపోయాయి. ఆమె చూడకముందే ఆగాయా లేదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

హాలు ఖాళీ అయ్యాక నా దగ్గరికి వచ్చింది, పాప చెయ్యి పట్టుకుని. తిడుతుందేమో, తిడితే బాగుండుననుకున్నాను. ‘వాళ్ళందరికీ పాతది వచ్చు గదా మేడం, అందుకే చప్పట్లు కొడ్తాండారు’ అంది. తర్వాత ముందు బెంచీలో తన చోటులో తాను కూర్చుని, ‘అయితే ఆ అప్పు తెచ్చే లెక్క చెప్పండి, మొదట్నుంచి. నాలుగో తరగతికి అదే వస్తాది గదా’ అంది.

బండికి టైముంది, చకచకా చెప్పేద్దామని బోర్డు మీద యాభై రెండు, కింద ఇరవై ఏడు వేసి మొదలుపెట్టాను. రెండులో ఏడు పోదు, పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకుంటాం, ఇది పన్నెండవుతుంది. ‘ఆగండి మేడం’ అంది. ‘తెచ్చింది ఒకటే గదా. ఈడికొచ్చేసరికి పదెట్లయింది?’

నోరు తెరిచాను. పదహారేళ్ళు చదువుకున్నాను. పుట్టినప్పటి నుంచి పక్కింటి నుంచి ఒకటి తెచ్చుకుంటూనే ఉన్నాను. ఆ ఒకటి దారిలో పదెలా అవుతోందని ఒక్కనాడూ అడగలేదు. ‘అదంతే’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మూడో తరగతి సారు కూడా ఆ మాటే అని ఉంటాడని అప్పుడు తోచింది. మాట మింగేశాను. సుద్దముక్క తీసుకుని, హాలు మధ్యలో నేల మీద పొడుగ్గా గీత గీశాను. పదికొక అడ్డగీత పెట్టి, పాపను యాభై దగ్గర నిలబెట్టాను. ఇక్కడికి అయిదు పదులు, ఆ పక్కింట్లో ఉన్నవి ఈ పదులేనమ్మా, ఒకటి తెచ్చుకున్నామంటే ఒక పదిని తెచ్చుకున్నట్టు, ఇదిగో ఈ గంతంత, అని పాపను యాభై నుంచి నలభైకి వెనక్కి గెంతించాను. మళ్ళీ గెంతించాను. ధర్మవరం స్టేషనులో నా బండి కూత వేసి వెళ్ళిపోవడం స్పష్టంగా వినబడింది.

ఆమె లేచి వచ్చి, చెప్పులు పక్కన విడిచి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, తానే యాభై మీద నిలబడింది. వెనక్కి ఒక గంతు వేసింది. కిందికి చూసింది. ఇంకో గంతు వేసింది. ‘ఇంతేనా మేడం?’ అంది. నవ్వుతూ అంది. పాప కూడా నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నాను. మళ్ళీ అదే మాట, ఈసారి నవ్వకుండా, తనలో తాను అనుకున్నట్టు అంది. ‘ఇంత దానికా నేను బడి మానుకునింది?’

నేను తర్వాత ఆ స్కూలు వదిలేశాను. ఇప్పుడు వేరే బడిలో వేరే పుస్తకం చెబుతున్నాను. అందులో కప్ప లేదు. రేకుల హాలులో చేతులు మండేలా చప్పట్లు కొట్టిన ఆనాటి పిల్ల టీచరు గుర్తొస్తే కోపం రావడం లేదు, నవ్వే వస్తోంది. పాపం, బండి తప్పిపోయిన ఆ సాయంకాలందాకా తనకు తీసివేతలు వచ్చనుకునేది.